వేళ్ల మందు రికార్డింగుకి లైసెన్సు పెట్టే ముందు

ఉమ్మడి కర్నూలు జిల్లా నల్లమలలో చెంచు పెద్దలు చెప్పే వేళ్ల మందుల వివరాలను ఫోన్‌లో రికార్డు చేసి, క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో (షరతుల మీద ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతి) నెట్‌లో పెడితే మేలు చేసినట్టే అనిపిస్తుంది. చిక్కంతా ఆ లైసెన్సులోనే ఉంది. ఒకసారి ఇచ్చాక, షరతులు పాటించేవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి తీసుకోలేం. పైగా మన కాపీరైట్ చట్టంలో రికార్డింగు మీద హక్కు దాన్ని తీసినవాళ్లది. చెప్పిన పెద్దాయన గూడేనికి దక్కేది సున్నా.

ఈ పరిజ్ఞానం మీద గూడెం హక్కు 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది, సెక్షన్ 3(1)(కె). దాన్ని అడగాల్సింది సామూహిక హక్కుల దరఖాస్తు అయిన ఫారం-బిలో; ఫారం-ఎ భూమి కోసం. పట్టా ధ్యాసలో పడి సంప్రదాయ పరిజ్ఞానం గడిని ఖాళీగా వదిలేస్తే ఆ హక్కు అడగనట్టే. దరఖాస్తుకి సాక్ష్యం ఒక్కటి చాలదు. దరఖాస్తుదారులు కాని పెద్దల మాటను కాగితం మీద రాయించినా ఒక సాక్ష్యమే.