చామంతిలో పాముపొడ: గీత కాదు, గీత చివర చూడాలి

చామంతి, జెర్బెరా, బంతి ఆకుల మీద పాముపొడ, అంటే ఆకు లోపల పురుగు తొలిచిన మెలికల తెల్లగీతలు, కనిపిస్తే నేను ముందు పట్టుకునేది మందు సీసాని కాదు, ఆకుని. దాన్ని వెలుతురుకు ఎత్తి, గీత వెడల్పుగా ఉన్న చివర చూస్తాను. లేత పసుపు పురుగు కనిపిస్తే పని ఉన్నట్టు. చిన్న చీలిక మాత్రమే ఉంటే పురుగు అప్పటికే బయటపడింది. ఆ గీత ఏ మందుకీ పోదు. మందు పనిచేయలేదనుకుని మళ్లీ మళ్లీ కొట్టేది ఎక్కువగా ఇలాంటి పాత గీతలకే.

ఇది 2 మి.మీ. నలుపు పసుపు ఈగ పని. గీతలకన్నా ముందే ఆకు మీద సూదితో పొడిచినట్టు తెల్ల చుక్కలు పడతాయి. వెచ్చటి వాతావరణంలో గుడ్డు నుంచి ఈగ దాకా రెండు మూడు వారాలే.

పురుగున్న ఆకులు తెంపి, పాలిథిన్ సంచిలో మూతి బిగించి ఎండలో పెడతాను. ఎరువు కుప్పలో వేస్తే ఈగలు అక్కడి నుంచే లేస్తాయి. మొక్క బోడిగా మిగిలేంత తెంపకూడదు. పాముపొడ పురుగుల్లో ఎక్కువ రకాలు మట్టిలో ప్యూపా (ఈగగా మారే ముందు కదలని దశ) అవుతాయి కాబట్టి కుండీలో పై పొర గీకి మారుస్తాను. చామంతి మీద వచ్చే ఒక రకం మాత్రం ఆకులోనే ప్యూపా అవుతుంది. ఆకు అడుగున గోధుమరంగు బుడిపె తగిలితే మట్టి జోలికి వెళ్లక్కర్లేదు, ఆకు తెంపితే చాలు.

పసుపు జిగురు అట్టలు మొక్కల తలల ఎత్తులో కడతాను. ఈగల రాక తెలుసుకోవడానికే, వాటితోనే తెగులు ఆగుతుందన్న ఆశ నాకు లేదు.

లీటరు నీటికి 1500 పీపీఎం (సీసా మీద రాసి ఉండే గాఢత) వేప మందు 5 మి.లీ. కలిపి, సాయంత్రం, ఆకు రెండు వైపులా తడిసేలా కొడతాను. వారం తర్వాత మళ్లీ. వేప వెంటనే చంపదు, పురుగు ఎదుగుదలను చెడగొడుతుంది. మర్నాడు పురుగు కదులుతోందని కంగారు పడొద్దు. అయినా కొత్త ఆకుల్లో గీతలు పెరిగితే స్పైనోసాడ్ అనే పురుగుమందు, తర్వాత అవసరమైతే అబామెక్టిన్ అనే మరో మందు, లేబుల్ మోతాదులోనే. ఒకటే మందు వరసగా కొడితే ఈగ దానికి అలవాటుపడుతుంది. ఈ రెండు మందులూ తేనెటీగలకు హాని చేస్తాయి, అవి వెళ్లిపోయాకే పిచికారీ.

సైపర్‌మెత్రిన్ లాంటి పురుగుమందులు నేను ముట్టను. గీతలోని పురుగు మీద గుడ్డు పెట్టే చిన్న కందిరీగలు ముందు చచ్చి, ఆ తర్వాత పాముపొడ రెట్టింపవుతుంది. యూరియా ఎక్కువ వేసిన మెత్తటి ఆకు ఈ ఈగకు మరీ ఇష్టం.