పిట్టలు కూశాయి, వినపడనిస్తేగా!

ధనుర్మాసం వచ్చింది. తెల్లవారుజామున 4.30కే మా ఊళ్ళో రెండు గుళ్ళ మైకులూ పోటీ మొదలుపెడుతున్నాయి. ఒకదాంట్లో తిరుప్పావై, అంటే గోదమ్మ (ఆండాళ్) ఈ నెల వ్రతం కోసం తమిళంలో పాడిన ముప్పై పాశురాలు (పాటలు), రోజుకొకటి. ఇంకోదాంట్లో సుప్రభాతం. మధ్యలో ఇళ్ళున్న మాలాంటివాళ్ళకి రెండూ కలిసిపోయి ఏదీ చెవికెక్కదు. నిన్న ఆరో పాశురం. "పుళ్ళుం శిలంబినకాణ్", పక్షులు కూస్తున్నాయి చూడవే అని గోదమ్మ చెలికత్తెని లేపుతోంది. ఆ మాటే మైకులో ఎంత గట్టిగా వస్తోందంటే, మా పెరట్లో పనసచెట్టు మీద నిజంగా పిట్ట కూసినా వినపడే దారి లేదు. నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

ఆరు నుంచి పదిహేను దాకా పది పాశురాలూ పడుకున్న గోపికల్ని లేపేవే కదా. వాటి అంతరార్థాలు, ఏ పాశురం ఏ ఆళ్వారుకి (వైష్ణవ భక్తకవికి) అన్నది చెప్పడానికి పెద్దలున్నారు. నా మనసు మాత్రం ఏటేటా పైఅర్థం దగ్గరే చిక్కుకుపోతుంది. లోపలావిడ "ఇంకా తెల్లారలేదే" అంటుంది. వాకిట్లో నిలబడ్డవాళ్ళు తెల్లారిందని రుజువు చూపించాలి. ఏం చూపించారు? ఏడో పాశురంలో భరద్వాజ పక్షులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయన్నారు. ఎనిమిదిలో తూర్పు తెల్లబడిందన్నారు. పదమూడులో శుక్రుడు ఉదయించాడు, బృహస్పతి అస్తమించాడు అన్నారు. పద్నాలుగులో అయితే మరీ ముచ్చట: మీ పెరటి కొలనులోనే ఎర్రతామరలు విచ్చాయి, నల్లకలువలు ముడుచుకున్నాయి, వచ్చి చూసుకోమన్నారు. శంఖం మోత ఉంది, పెరుగు చిలికే చప్పుడూ ఉంది, కాదనను. కానీ ఎక్కువ రుజువులు గడప దాటితేనే కనపడేవి. వ్రతం చేసేవాళ్ళకి ఆకాశం, నీళ్ళు, పిట్టలు, గొడ్లు తెలిసుండాలన్నది గోదమ్మ చెప్పకుండానే పెట్టిన నియమం అని నాకనిపిస్తుంది. నేతినీ పాలనీ మానమన్నది రెండో పాశురంలో పైకి చెప్పింది. ఇది చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఆ రోజుల్లో లేదు.

ఎనిమిదో పాశురంలో గేదెలొస్తాయి. పాలు పితకక ముందు మంచు పట్టిన గడ్డి కాసేపు మేయడానికి వాటిని వదులుతారట. మన గోదావరి డెల్టా వాళ్ళకి దీనికి వ్యాఖ్యానం కావాలా? ఈ వేళకి సార్వా (వానాకాలం వరి) కోతలు అయిపోయి, దాళ్వా (రెండో పంట) నారుమళ్ళు పోసి ఉంటాయి. గేదెల్ని కాలవగట్టు మీదికి తోలుకొస్తారు. వాటి వీపు మీదే ఎక్కి కూర్చుంటుంది నల్లటి, చీలిన తోక పిట్ట, ఏట్రింత. పసులపోలిగాడు అన్నా అదే. మిగతా పిట్టలన్నీ నిద్రలో ఉండగా, చీకట్లోనే కూత మొదలుపెట్టేది అదే. గోరింకలు, పికిలిపిట్టలు లేచేసరికి దాని సగం పాట అయిపోతుంది. చెవులు రిక్కించి కూర్చుంటే ఈ వరుస ఎవరికైనా తెలుస్తుంది.

ఇదే పాశురానికి పెద్దలు ఒక సరసమైన మాట చెబుతారు. లోపలావిడ అంటుందట, అది తెల్లారడం కాదే, మీరంతా తూర్పుకేసి చూస్తున్నారు కదా, మీ ముఖాల వెలుగు అక్కడ పడింది. అవి గేదెలు కావు, ఆ వెలుగుకి చెదిరిన చీకటి ముక్కలు అని. మంచం దిగకుండా చెప్పే సాకుల్లో ఇంతకన్నా అందమైనది నేను వినలేదు. మన సాకులకి ఈ సొగసు కూడా లేదు, రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూశాం, అంతే!

ఈమధ్య ధనుర్మాసంలో నేను పాశురం ఇంట్లో చదవడం మానేశాను. స్నానం చేసి, దీపం పెట్టి, కాలవగట్టుకి వెళ్ళిపోతాను. ఎదురింటి అమ్మాయి "చలిలో ఎక్కడికండీ పిన్నిగారూ" అంటుంది. నారుమడికి పిట్టల కాపలా ఉండే పెద్దాయన "టార్చి వేసుకోండమ్మా, పురుగూ పుట్రా ఉంటాయి" అని హెచ్చరిస్తాడు. ఒకరోజు ఆయనే పిలిచి చూపించాడు. వేలెడెత్తు నారు. ప్రతి ఆకు కొసనా ఒక్కటే నీటిచుక్క, గుండ్రంగా నిలబడి ఉంది. మంచు అనుకున్నాను. "మంచైతే ఆకంతా తడవాలి కదమ్మా, ఇది లోపల్నించి వచ్చిందే" అన్నాడు. నిజమే, రాత్రంతా వేరు తాగిన నీరు ఆకు కొసన బయటికి వస్తుంది. ఎండెక్కితే ఉండదు. మడి మొత్తం అలాగే ఉంది, లక్షల చుక్కలు, ఒక్కో దాంట్లో ఇంత తూర్పు. ఆ పూట నేను పాశురం చదవలేదు. చదవాలనిపించలేదు కూడా. స్వామికి కోపం వచ్చుంటుందని నేననుకోను.

మళ్ళీ ఆరో పాశురానికి వస్తాను, నా గొడవంతా దాంతోనే. అందులో వరుస చూడండి. ముందు పక్షులు. తర్వాత గుళ్ళో తెల్లని శంఖం. ఆ తర్వాత మునులు, యోగులు మెల్లగా లేచి "హరి" అంటారు. అలా మెల్లగా లేవడానికి పెద్దలు చెప్పే కారణం, గుండెలో ఉన్న స్వామికి కుదుపు తగలకూడదని, నిండు గర్భిణి జాగ్రత్తగా ఒత్తిగిలి లేచినట్టు. మనం అలారం మోతకి ఉలిక్కిపడి లేచి, కళ్ళు నులుముకుంటూనే ఫోను తీసి, ఎవరో పంపిన సూర్యోదయం బొమ్మని ఇంకో పదిమందికి తోసి, అసలు సూర్యోదయానికి కిటికీ అయినా తీయం. గుళ్ళో కూడా వరుస తిరగబడింది. ముందు మైకు, తర్వాతెప్పుడో పిట్టలు. ఇంకో మాట, బ్రాహ్మీముహూర్తం సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉంటుంది. ఈ రోజుల్లో మనకి సూర్యోదయం 6.30కి అటూఇటూ. లెక్క వేసుకోండి, 4.30కి అదీ మొదలు కాదు. మరి ఎవరి కోసం ఆ మోత?

గుడి కమిటీ పెద్దాయనతో మాట్లాడాను. "శబ్దం లేకపోతే గుళ్ళో ఏమీ జరగట్లేదనుకుంటారమ్మా జనం" అన్నారు. అర్చకస్వామి పక్కనే ఉన్నారు, ఆయన మాత్రం తల వంచుకుని నవ్వారు. తిరుప్పావై ఆపమనట్లేదు నేను, మహాపాపం. పిట్టలు కూశాక పెట్టండి, గుడి ప్రాకారం దాకా వినపడితే చాలు అంటున్నాను. మళ్ళీ అడుగుతాను.

మీరు కమిటీ కోసం ఆగక్కర్లేదు. రేపు ఎనిమిదో పాశురం. 5.30కి బయటికి రండి. గోదావరి లంకల్లో ఉన్నవాళ్ళు గట్టు మీదికి ఎక్కండి, కాకినాడ, రాజమండ్రి అపార్ట్‌మెంట్ల వాళ్ళు డాబా ఎక్కండి, కాకి కూడా పిట్టే. ఫోను ఇంట్లో పెట్టండి, ఫొటో తీయకండి. ఊళ్ళో ఎవరింటి గేదెలు ముందు బయటికి వస్తాయో కనుక్కుని ఆ దారిలో కాసేపు నోరు మూసుకుని నిలబడండి. తర్వాత గుడికి వెళ్ళి పాశురం చెప్పుకోండి. చక్కెరపొంగలి ఎక్కడికీ పోదు, ఏడింటి దాకా పెడతారు.