గోడ అవతల సెల్లార్: నా అనుభవం

మా పక్కనున్న రెండు ఇళ్లూ కూల్చి అపార్ట్‌మెంట్ కడుతున్నారని మాకు ఓనర్లు చెప్పలేదు, బిల్డరూ చెప్పలేదు. రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన కేవియట్ చెప్పింది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 148ఏ సెక్షన్ కింద వేస్తారట దాన్ని. ఫలానావాళ్లు నా మీద స్టే కోసం వస్తే నా మాట వినకుండా ఇవ్వొద్దని కోర్టును ముందే కోరడం. 90 రోజులు పనిచేస్తుంది. అక్కడ ఒక్క ఇటుక కదలకముందే మా అత్తయ్య పేరు ఆ కాగితంలో ఉంది. "ఇన్నేళ్లలో కోర్టు మెట్లెక్కలేదు, ఈ వయసులో నా పేరు ఎక్కించారా" అని ఆవిడ ఆ పూట అన్నం ముట్టుకోలేదు.

మాది నల్లకుంటలో శంకరమఠానికి కాస్త వెనకగా ఉండే పాత కాలనీ. నలభై అడుగుల రోడ్డు, వేపచెట్లు, 1970ల్లో కట్టిన డాబా ఇళ్లు. పెద్దవాళ్లు పోయాక పిల్లలు అమెరికా నుంచి వచ్చి ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చి వెళ్లడం మాకు కొత్త కాదు. కానీ ఇది రెండు ఇళ్లు కలిపి 1,000 గజాలు. నేల కింద సెల్లార్, దాని మీద గోడల్లేకుండా స్తంభాలతో వదిలే స్టిల్ట్, పైన ఐదు అంతస్తులు, 25 ఫ్లాట్లు.

ఆ ఆదివారం మా డాబా మీద మీటింగ్ పెట్టారు. ఒక్కొక్కరిదీ ఒక్కో బాధ. ఎదురింటి బాబాయ్‌గారికి ఈశాన్యం మూసుకుపోతుందని దిగులు. వెనకింటి పిన్నిగారికి సోలార్ హీటర్ మీద నీడ పడుతుందని. ఇంకొకావిడకి పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఐదు బాల్కనీల జనం చూస్తారని. పార్కింగ్ గురించి అందరూ ఒకేసారి మాట్లాడారు, అందుకని ఎవరిదీ వినబడలేదు. ఇస్త్రీ బండి అతను మాత్రం మెట్ల మీద నిలబడి "ఇరవై ఐదు ఇండ్లొస్తే నాకు మంచిదే గద మేడమ్" అన్నాడు. అతని మీద అందరికీ కోపం వచ్చింది. నాకైతే ఆ రోజు సూటిగా మాట్లాడింది అతనొక్కడే అనిపించింది. ఎందుకంటే గట్టిగా అరిచినవాళ్లలో ఇద్దరు తమ ఇళ్లు కూడా ఇస్తే ఓనర్‌కీ బిల్డర్‌కీ వాటాల రేషియో ఎంత వస్తుందో, ఫిఫ్టీ ఫిఫ్టీయా సిక్స్‌టీ ఫార్టీయా అని అదే బిల్డర్‌ని అప్పటికే అడిగి ఉన్నారు.

మా పెంట్‌హౌస్‌లో గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు ముగ్గురు అద్దెకుంటారు. సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) పాలిటీ సిలబస్‌లో ఉంటుంది కాబట్టి వాళ్లకి కంఠతా వచ్చు. పది రూపాయల ఫీజుతో అనుమతి పత్రం, ప్లాన్ కాపీ అడుగుతూ దరఖాస్తు రాసిపెట్టారు. ముప్పై రోజుల గడువు ఉంది కదా అని ఎదురుచూస్తుండగా మా ఆడపడుచు ఫోన్ చేసి, "రెరా సైట్‌లో చూశావా వదినా" అంది. రెరా అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల మీద నియంత్రణ సంస్థ. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ప్రాజెక్టును అందులో రిజిస్టర్ చేయాల్సిందే. చేస్తే శాంక్షన్ ప్లాన్, ఫ్లాట్ల సంఖ్య, పూర్తి చేసే తేదీ అందరికీ కనబడతాయి. ఆ సాయంత్రమే ప్లాన్ మా చేతికొచ్చింది. అసలు సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో ఇచ్చిన తీర్పు ప్రకారం కడుతున్నన్నాళ్లూ ఆమోదం పొందిన ప్లాన్‌ను సైట్ దగ్గర పెట్టాలి. ఇక్కడ మాత్రం రేకుల మీద స్విమ్మింగ్ పూల్ బొమ్మ ఉన్న ఫ్లెక్సీ కట్టారు. ప్లాన్‌లో స్విమ్మింగ్ పూల్ లేదు.

ప్లాన్ చూశాక మా డాబా గోడు చాలావరకు చల్లబడింది. స్థలానికి ఇన్ని రెట్ల విస్తీర్ణమే కట్టాలనే ఎఫ్ఎస్ఐ పరిమితి హైదరాబాద్‌లో 2006లో జీవో 86తోనే పోయింది. 2012 నాటి జీవో 168 ప్రకారం చూసేది రోడ్డు వెడల్పు, స్థలం సైజు, ఎత్తు, దాన్నిబట్టి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా, అంటే సెట్‌బ్యాక్. అవన్నీ కాగితం మీద సరిగానే ఉన్నాయి. ఈశాన్యానికి, బాల్కనీ చూపులకి నిబంధన లేదు. లాయర్ దగ్గరికి వెళ్తే ఆయన కూడా, ప్లాన్ ప్రకారం కడుతున్నంతసేపు స్టే దొరకడం కష్టమన్నారు. "పైకి చూడకండమ్మా, కిందికి చూడండి. సెల్లార్ ఎలా తవ్వుతున్నారో చూసుకోండి" అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో మాకు పనికొచ్చిన సలహా అదొక్కటే. అంతస్తుల మీద అరవడం మానేసి సెల్లార్ మీద పడ్డాం.

మా కాలనీ ఇళ్ల పునాదులు రాతికట్టుడువి. పైన మొరం, కొంచెం లోతుకు పోతే గ్రానైట్ బండ. బండ వచ్చాక దాన్ని పగలగొట్టే మిషన్, బ్రేకర్ పెడతారు, దాని అదురుకి వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. అందుకే తవ్వకం మొదలవకముందే తెలిసిన సివిల్ ఇంజనీర్‌ని పిలిచాం. ఆయన ప్రతి గది గోడనీ, పై కప్పునీ, కాంపౌండ్ వాల్‌నీ తేదీ పడేలా ఫొటోలు తీయించారు. అప్పటికే ఉన్న పగుళ్ల మీద చిన్న గాజు ముక్కలు సిమెంటుతో అడ్డంగా అతికించారు. పగులు పెరిగితే గాజు విరుగుతుంది, పాతదో కొత్తదో అన్న వాదన ఉండదు. ఖర్చు తక్కువ. పక్కన తవ్వకం మొదలవబోతున్న వాళ్లెవరైనా ముందు ఈ పని చేయించుకోండి, తర్వాత తీసిన ఫొటోకి విలువ లేదు.

ప్లాన్‌లో సెల్లార్ మా గోడకి మీటరున్నర అవతల ఉంది. మే నెలాఖరులో టేపు పట్టుకుని చూస్తే గుంత అంచు అంతకన్నా దగ్గరికొచ్చేసింది, మట్టి నిలువుగా కోసేశారు, సపోర్ట్ ఏమీ లేదు. ఏటా వానాకాలంలో సెల్లార్ తవ్వకాలు ఆపమని జీహెచ్ఎంసీ ఆదేశాలిస్తుంటుంది. గోడలు కూలి మనుషులు పోయిన సంఘటనలు ఊళ్లో జరిగాయి మరి. ఒక రాత్రి గాలివాన కొట్టింది. పొద్దున చూస్తే మా జామచెట్టు వేళ్లు గుంతలోకి వేలాడుతున్నాయి. అత్తయ్య ఇంట్లో పడుకోనంది, మరిదిగారింటికి వెళ్లిపోయింది.

ఆ రోజే ఫొటోలు, టేపు కొలతలు, ప్లాన్‌లో ఆ పేజీ కలిపి సర్కిల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ వాళ్లకి ఇచ్చాం, సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలోనూ ఇచ్చాం. "బిల్డింగ్ వద్దు" అని రాయలేదు. "సరిహద్దు నుంచి దూరం తగ్గింది, మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్ లేదు, పక్క ఇంట్లో మనుషులున్నారు" అని మాత్రమే రాశాం. అధికారులు వచ్చి కొలిచి, తవ్వకం ఆపించి, మా వైపు రిటైనింగ్ వాల్ కట్టాకే మిగతా పని అన్నారు.

అంతవరకు ఫోన్ ఎత్తని బిల్డర్ మర్నాడే స్వీట్ బాక్స్‌తో వచ్చాడు. "మేడమ్, మీకు ఇబ్బంది లేకుండ జూస్కుంటం, కంప్లయింట్లు ఎందుకు" అన్నాడు. స్వీట్లు తీసుకున్నాం, కానీ స్టాంప్ పేపర్ మీద రాయించుకున్నాం. బ్రేకర్ ఉదయం తొమ్మిది తర్వాతే, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా బంద్. కొత్త పగుళ్లు వస్తే రిపేరు, రంగుతో సహా, వాళ్లదే. రాత్రిపూట స్లాబ్ వేసేట్టయితే ముందురోజే చెప్పాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నివాస ప్రాంతంలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన, కానీ పగలు కాంక్రీట్ లారీలు కాలనీలోకి రావడం కష్టం, మొదలుపెట్టిన స్లాబ్ మధ్యలో ఆపలేరు. నెలకో రాత్రి ఓర్చుకోవచ్చు అనుకున్నాం. కుర్రాళ్లు ఆ రాత్రి స్నేహితుల రూముకి వెళ్తారు.

బిల్డర్ అంత త్వరగా దిగిరావడానికి ఇంకో కారణం ఉంది. కట్టే విస్తీర్ణంలో పది శాతం మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్‌లో, అంటే తాకట్టులో ఉంటుంది, కట్టడం అయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వస్తేనే విడుదల. రికార్డులో ఫిర్యాదు నడుస్తుంటే ఓసీ దగ్గర తలనొప్పి అని అతని భయం. ఈ పది శాతం సంగతి మాకు మొదట తెలిసుంటే డాబా మీద అంత గొంతు చించుకునేవాళ్లం కాదేమో.

ఆ స్థలం దగ్గర వేపచెట్టు మిగల్లేదు. నీరు, భూమి, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం కింద కొట్టడానికి పర్మిషన్ తెచ్చుకుని కొట్టారు, అడ్డుకోవడానికి మా దగ్గర ఏమీ లేదు. ఇస్త్రీ బండి మా గేటు పక్కకి జరిగింది. రెండు గాజు ముక్కలు విరిగాయి. ఒకటి వంటింట్లో, ఒకటి మెట్ల కింద. బిల్డర్ మనుషులొచ్చి పూడ్చారు, రంగు మాత్రం వేరే షేడ్ వేశారు. దాని మీద ఇంకా గొడవ నడుస్తోంది.

ఇప్పుడు మూడో స్లాబ్ పడింది, అత్తయ్య తిరిగొచ్చింది. మిగిలింది డ్రైనేజీ. నాలుగు కుటుంబాలున్నప్పుడు వేసిన సన్నటి లైనులోకి 25 ఫ్లాట్ల నీళ్లు కలవబోతున్నాయి. లైను సైజు పెంచాకే కొత్త కనెక్షన్ ఇవ్వమని వాటర్ బోర్డుకి కాలనీ తరఫున దరఖాస్తు పెట్టాం, ఈసారి బిల్డర్ కూడా సంతకం పెట్టాడు. సంతకాల కోసం ఇల్లిల్లూ తిరుగుతోంది మాత్రం ఆ ఈశాన్యం బాబాయ్‌గారే.