మూతకూ అడుగుకూ మధ్య: సోంగ్ కాలపు తెల్ల భరిణెలు

చైనాను సోంగ్ వంశం పాలించిన కాలం (960–1279) నాటి పింగాణీలో కూజాలకూ గిన్నెలకూ దక్కినంత పేరు అరచేతిలో ఇమిడే మూత భరిణెలకు దక్కలేదు. నాకు మాత్రం ఆనాటి కుమ్మరుల నేర్పంతా ఈ భరిణెల్లోనే, అందులోనూ మూత వచ్చి అడుగుమీద కూర్చునే అంచు దగ్గరే కనిపిస్తుంది.

దక్షిణ చైనాలోని పింగాణీ బట్టీల ఊరు జింగ్‌డెజెన్ భరిణెలనే తీసుకుందాం. (1004లో మొదలైన జింగ్‌డె శకాన్ని బట్టి ఆ ఊరికి ఆ పేరు వచ్చింది.) మెత్తని తెల్లమట్టిని అచ్చులో ఒత్తడంతో మూతపైని పువ్వూ, చుట్టూ చామంతి రేకుల్లాంటి గాడులూ ఒక్కసారే పడేవి. గాలి తక్కువగా ఆడే బట్టీలో కాలినప్పుడు పూతలోని కొద్దిపాటి ఇనుము వల్ల తెలుపుకు లేత నీలి ఛాయ వచ్చేది. దాన్నే చింగ్‌బై అంటారు. కరిగిన పూత గాడుల్లో చేరి ముదురుగానూ, గట్లమీద పలుచగానూ నిలవడం వల్ల కుంచె తాకకుండానే పువ్వు తేలి కనిపించేది. ఉత్తరాన హెబేలోని డింగ్ బట్టీల్లో నేలబొగ్గుతో, గాలి బాగా ఆడేలా కాల్చిన పింగాణీకి దంతపు ఛాయ వచ్చేది. అదీ అందమైనదే కానీ, అచ్చుపువ్వుకు నా ఓటు నీలి ఛాయకే.

ఇక అంచు సంగతి. బట్టీ వేడికి పూత కరిగి గాజులా మారుతుంది కనుక, రెండు అంచులకూ పూత పూసి మూతపెట్టి కాలిస్తే భరిణె ఇక తెరుచుకోదు. అందుకే ఆ అంచులను పూత లేకుండా వదిలేసేవారు. మూతతోపాటే కాల్చిన భరిణెలో మట్టి కుంచించుకున్నా, కాస్త వంగినా రెండు భాగాలూ కలిసే మారతాయి కాబట్టి పొందిక చెడదు.

వీటిలో ముఖానికి పూసుకునే పొడి, బుగ్గల రంగు, సుగంధద్రవ్యాలు, మందులు దాచుకునేవారు. కొన్నింటి లోపల తామర తూళ్ల నడుమ అమర్చిన మూడు బుల్లి గిన్నెలుంటాయి. మన కుంకుమ భరిణెకు అంత హంగు ఎప్పుడూ లేదు! కొన్నింటి అడుగున ‘దువాన్ ఇంటి భరిణె’, ‘త్సై ఇంటి భరిణె’ అనే అర్థమిచ్చే అచ్చు ముద్రలున్నాయి. పాత్రలన్నిటికీ వాడే ముద్ర కాకుండా భరిణె అనే మాటే అందులో చేర్చారంటే, ఆ ఇళ్లవారు వీటి తయారీకే పేరుపడినవారని నాకనిపిస్తుంది.

చైనా ఆగ్నేయ తీరాన ఉన్న ఫూజియాన్‌లోని డెహువా బట్టీల తెల్ల భరిణెలు ఓడలెక్కి ఆగ్నేయాసియా దీవులకు చేరాయి. అలా బయలుదేరి 12వ శతాబ్దం చివర్లో దక్షిణ చైనా సముద్రంలో మునిగిన ఒక ఓడ 1987లో బయటపడింది. నాన్‌హాయ్-1 అని పేరుపెట్టిన ఆ ఓడను 2007లో చుట్టూ ఉన్న బురదతో సహా పైకెత్తారు. అందులోని సరుకులో డెహువా భరిణెలు కూడా ఉన్నాయి.