మేఘ వీపు మీద వెంట్రుకలు

మేఘ మా డాబర్‌మన్ కుక్క. ఒంటి రంగు వానమబ్బులా ఉంటుందని ఆ పేరు పెట్టాం. అమ్మినతను ‘బ్లూ అండీ, అరుదైన రంగు’ అని నల్లపిల్లల కంటే పదివేలు ఎక్కువ తీసుకున్నాడు. తల్లీ తండ్రీ రెండూ నల్లవే. వాటికి ఇంత అందమైన పిల్ల పుట్టిందని మురిసిపోయాం.

ఏడాది నిండాక ఒకరోజు వీపు నిమిరితే అరచేతి నిండా వెంట్రుక తునకలు. కటింగ్ చేయించుకుని వచ్చాక కాలర్‌కి అంటుకుని ఉంటాయే, అలాంటివి. ఊడినవి కావు, విరిగినవి. రెండు నెలల్లో వెన్ను పొడవునా చర్మం బయటపడింది. గోక్కోవడం మాత్రం లేదు. పక్కింటి పిన్నిగారు కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయమన్నారు. ప్రేమతోనే చెప్పారు. కానీ కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, కర్పూరం దానికి విషం. దయచేసి ఎవరూ రాయకండి.

డాక్టరుగారు ముందు బ్లేడుతో చర్మం గీకి గజ్జి పురుగుల కోసం చూశారు. లేవు. ఫంగస్ లేదు. థైరాయిడ్ కూడా బాగానే ఉంది. అప్పుడు వీపు మీంచి నాలుగు వెంట్రుకలు పీకి, మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమన్నారు. కప్పను మింగిన పాములా వెంట్రుక అక్కడక్కడా ఉబ్బి ఉంది, ఉబ్బిన చోటల్లా నల్లటి ముద్ద. ఒకటి సరిగ్గా ముద్ద దగ్గరే విరిగింది. కంటి పైనున్న గోధుమరంగు మచ్చలోంచి తీసిన వెంట్రుక మాత్రం నున్నగా ఉంది.

దీన్ని కలర్ డైల్యూషన్ అలోపీసియా అంటారు, అంటే పలచబడిన రంగు వల్ల వెంట్రుకలు పోయే జబ్బు. నల్లరంగును పలచబరిచే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే పిల్ల బ్లూ అవుతుంది. పైకి నల్లగా ఉన్నవీ దాన్ని మోస్తుండొచ్చు. అలాంటి జంటకు పుట్టే ప్రతి పిల్లా బ్లూ అయ్యే అవకాశం 4లో 1 వంతు. వీమరనర్ అనే జాతి కుక్కలన్నిటికీ ఇదే జన్యువు ఉన్నా ఈ జబ్బు రాదు. బ్లూ డాబర్‌మన్లకు మాత్రం తరచుగా వస్తుంది. ఎక్కువ డబ్బిచ్చి కొన్న ఆ రంగే జబ్బుకు మూలమని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

పూర్తిగా నయం కాదు. డాక్టరు రాసిన షాంపూ పెట్టి, నురగ పది నిమిషాలు ఉంచి కడుగుతాను. చీము పొక్కులు కనిపిస్తే ఆగకుండా తీసుకెళ్తాను. ఎండలోకి వెళ్తే పాత కాటన్ చొక్కా వేస్తాను.

మొన్న ఒకాయన ఫోన్ చేసి, ‘మా మగకుక్కా బ్లూయేనండీ, జత కట్టిద్దామా’ అన్నారు. రెండూ బ్లూ అయితే పిల్లలన్నీ పలచబడిన రంగుతోనే పుడతాయి. మేఘకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించామని చెప్పి, మీ వాడి వీపు ఎలా ఉందని అడిగాను.

‘ఈమధ్య కొంచెం పలచబడిందండీ’ అన్నారు.