పసిబిడ్డ భూస్థాపనకు గానం ఎంచుకున్న నాలుగు రోజులు

మా చెల్లెలి కూతురు మూడేళ్ల నాలుగు నెలల వయసులో, పుట్టుకతో వచ్చిన గుండె లోపం వల్ల, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో కన్నుమూసింది. చెల్లెలూ మరిదీ 1962 నాటి పూజాగ్రంథం ప్రకారం లాటిన్‌లో దివ్యబలిపూజ జరిగే కతోలిక విచారణకు (పారిష్‌కు) చెందినవారు. నేను ఏళ్ల తరబడి గాయక బృందాల్లో పాడుతున్నదాన్ని కాబట్టి, మరణానికీ భూస్థాపనకూ మధ్య ఉన్న నాలుగు రోజుల్లో గానం సంగతి చూడమని నాకు అప్పగించారు. ఇలాంటి పని ఎవరికీ రాకూడదు. వచ్చినవారికి మాత్రం, నేను తెలియక తడబడిన విషయాలు ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

మొదటి రాత్రి నేను రాసుకున్న జాబితాలో దాదాపు అన్నీ పెద్దల అంత్యక్రియల పాటలే. తీర్పు దినం గురించిన ‘దీయెస్ ఈరే’, ‘నన్ను విడిపించు’ అని వేడుకునే ‘లిబెరా మే’, వాటితో పాటు ఫ్రెంచ్ స్వరకర్త ఫోరే స్వరపరచిన ‘పియే యేసు’. ఈ చివరిదాన్ని పసి గొంతుతో పాడిస్తారు కాబట్టి పసిబిడ్డకు తగినదనుకున్నాను. మర్నాడు విచారణ గురువులు ఆ కాగితం చదివి, “ఇవన్నీ దేవుణ్ణి ఏమి అడుగుతున్నాయమ్మా?” అని మెల్లగా అడిగారు. చనిపోయినవారికి విశ్రాంతినిమ్మని అడుగుతున్నాయి. ‘పియే యేసు’ కూడా ‘దీయెస్ ఈరే’ చివరి మాటలే. జ్ఞానస్నానం పొంది, మంచిచెడులు తెలిసే వయసుకు, అంటే సుమారు ఏడేళ్లకు, ముందే వెళ్లిపోయిన బిడ్డకు ఉత్తరించు స్థలం (మోక్షానికి ముందు ఆత్మ శుద్ధి పొందే చోటు) లేదని, ఆ బిడ్డ నేరుగా మోక్షానికి చేరుతుందని శ్రీసభ విశ్వాసం. అందువల్ల 1614లో ఐదవ పౌలు పోపుగారి కాలంలో వెలువడిన రోమన్ రిచ్యువల్ అనే కర్మకాండల గ్రంథంలో పసిబిడ్డలకు వేరే క్రమమే ఉంది. గురువు తెల్లని వస్త్రాలు ధరిస్తారు. బిడ్డ తలకు పూలకిరీటం పెడతారు. గంట మోగిస్తే పండుగ స్వరంతో మోగించాలి. మృతుల పూజకు బదులు సన్మనస్కుల (దేవదూతల) పూజ జరుగుతుంది, అందులో గ్లోరియా అనే ఆనంద స్తుతిగీతం పాడతారు. ప్రార్థనల్లో వేడుకునేదంతా వెనక మిగిలిన మన కోసమే.

ఇది విన్నప్పుడు నాకు ఊరట కలగలేదు, భయం వేసింది. కన్నబిడ్డ పెట్టె ముందు కూర్చున్న తల్లి చెవిలో గ్లోరియా ఎలా పడుతుంది? గురువుగారు నన్ను తొందరపెట్టలేదు. “ఆ పాట మీ చెల్లెలు పాడనవసరం లేదు. ఆమె ఏడవవచ్చు. శ్రీసభ ఆమె పక్కన నిలబడి పాడుతుంది” అన్నారు. ఆ ఒక్క మాటతోనే మిగిలిన పని చేయగలిగాను.

మాకు పేర్ల దగ్గర ఒక తికమక ఎదురైంది. సన్మనస్కుల పూజ అంటే ఆ పూజకు ప్రత్యేకమైన పాఠాలు: ప్రవేశానికి ‘బెనెదీచితే దోమినుమ్’, కానుకల సమయానికి ‘స్తేతిత్ ఆంజెలుస్’ మొదలైనవి. ‘మిస్సా దే ఆంజెలిస్’ అనేది ఏ పూజలోనైనా మాటలు మారని కిరియే, గ్లోరియా, సాంక్తుస్, ఆగ్నుస్ దేయిలకు గ్రెగోరియన్ గానంలో (శ్రీసభ ప్రాచీన లాటిన్ గానంలో) ఉన్న ఎనిమిదవ బాణీల వరుస. రెండూ వేరు. మేము మొదటిదానికి రెండవదాన్ని జత చేయడానికి కారణం మా అమ్మమ్మ. గుంటూరు దగ్గరి ఫిరంగిపురంలో ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఉపదేశిగారు లాటిన్ అర్థం చెప్పకుండానే నేర్పిన ఆ బాణీ ఆమెకు ఇంకా కంఠతా వచ్చు. నేను మొట్టమొదట విన్నదీ ఆమె నోటనే.

అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం మరొకటి. గురువు బిడ్డ దేహం మీద తీర్థం చల్లిన తరువాత పాడే కీర్తన ‘లౌదాతే పుయెరి’, 112వది. (లాటిన్ లెక్కలో 112 అయినది మన తెలుగు బైబిల్లో 113. కరపత్రంలో రెండు అంకెలూ వేయకపోతే బంధువులు వేరే కీర్తన తెరిచి కూర్చుంటారు. మా మొదటి ప్రతిలో అదే జరిగింది.) ఆ కీర్తన చివరి చరణం, సంతులేని స్త్రీని బిడ్డల మధ్య ఆనందించే తల్లిగా ఇంట నిలిపే దేవుణ్ణి స్తుతిస్తుంది. మా చెల్లెలికి పెళ్లయిన తొమ్మిదేళ్లకు పుట్టిన బిడ్డ ఇది. క్రమంలో ఉన్న కీర్తనను కత్తిరించే అధికారం నాకు లేదు, ఆ మాట హఠాత్తుగా ఆమె చెవిన పడనిచ్చే ధైర్యమూ లేదు. ఆ సాయంత్రం పక్కన కూర్చుని తెలుగులో చదివి వినిపించాను. చాలాసేపటి తరువాత, “అక్కా, అది నిజమే కదా. మూడేళ్లు నేను అలాగే ఉన్నాను. పాడండి” అంది.

తక్కిన విషయాలు త్వరగానే తేలాయి. మరిది షూబర్ట్ ‘ఆవే మరియా’ అడిగారు. అది కవి వాల్టర్ స్కాట్ కావ్యంలోని ఒక పాటకు 1825లో కట్టిన బాణీ అని, మంగళవార్త జపాన్ని, అంటే లాటిన్ ‘ఆవే మరియా’ ప్రార్థనను, దానికి తరువాత అమర్చారని చెప్పి, గ్రెగోరియన్ బాణీలోని ‘ఆవే మరియా’ పాడతామంటే ఒప్పుకున్నారు. సత్ప్రసాద సమయానికి మోజార్ట్ 1791లో రాసిన ‘ఆవే వేరుమ్’ ఎంచుకున్నాం. నలభై ఆరు బార్ల (తాళ విభాగాల) చిన్న రచన అది, కొత్త గొంతులు కూడా రెండు రోజుల్లో నేర్చుకోగలవు. మృతుల పూజలో ఆర్గన్ గొంతుకు ఆసరాగా మాత్రమే ఉంటుంది. సన్మనస్కుల పూజలో ఆ నియమం లేదు.

తెలుగు పాట గురించి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. గానంతో జరిగే లాటిన్ పూజ లోపల మాతృభాష పాటలకు చోటు లేదని 1958 నాటి రోమ్ ఆదేశం. నాకు బాధ కలిగినా మినహాయింపు అడగలేదు. దానికి తగిన చోటు వెతికాను. ముందురోజు రాత్రి ఇంట్లో తెలుగులో జపమాల చెప్పుకున్నాం, ప్రతి పది పూసలకూ ఒక మరియమాత పాట పాడుకున్నాం. అమ్మమ్మ ఫోన్‌లో గొంతు కలిపింది. చివరికి చెల్లెలు రోజూ పడుకోబెట్టేటప్పుడు పాడే జోలపాటను, మరెవ్వరూ గొంతు కలపకుండా, తనే పాడింది. గుడిలో పాడించాలని మొదట పట్టుబట్టినవాళ్లం, ఆ పాట ఇంట్లోనే ఉండవలసిందని అప్పుడు అర్థం చేసుకున్నాం.

భూస్థాపన రోజున ‘లౌదాతే పుయెరి’ చివరి చరణం దగ్గర నా గొంతు ఆగిపోయింది; పక్కనున్న ఇద్దరూ ఆపకుండా పూర్తి చేశారు. ఇలాంటి రోజున కుటుంబ సభ్యులు ఒంటరిగా పాడవలసిన చోటు ఒక్కటి కూడా ఉండకుండా చూసుకోవడం మంచిది. సమాధి దగ్గర 148వ కీర్తన పాడాం. యువకులు, కన్యలు, వృద్ధులు, పిల్లలు ప్రభువు నామాన్ని స్తుతించాలనే చరణం వచ్చినప్పుడు, విచారణలోని పిల్లలు ఎవరూ చెప్పకుండానే పెట్టె దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అక్కడినుంచి గుడికి తిరిగి వస్తూ ‘బెనెదీచితే’ పాడాలి. ఎండనూ వేడినీ మంచునూ వాననూ ఒక్కొక్కటిగా పిలిచి దేవుణ్ణి స్తుతించమనే పొడవైన గీతం అది. చెల్లెలు నా చేయి పట్టుకుని నడుస్తూ, ప్రతి పిలుపు తరువాతా వచ్చే ‘దోమినో’ (ప్రభువును) అనే ఆ ఒక్క మాటను, పెదవులతో మాత్రమే, మాతో పాటు అంటూ వచ్చింది.