ప్రాక్టికల్ గదిలో తూకపు యంత్రం

బరంపురంలోని మన ఫిజియోథెరపీ కళాశాలలో రెండవ సంవత్సరం ఎక్సర్‌సైజ్ థెరపీ ప్రాక్టికల్ మొదలైన రోజున మేడమ్ చాలాసేపు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాలో ఒకరిని మంచం మీద పడుకోబెట్టి, బిగిసిన భుజానికి చేయవలసిన కిందివైపు గ్లైడ్‌ను, అంటే ఎముక తలను కీలులో కిందికి జార్చే కదలికను, ఓపీలో నిజమైన రోగికి చేసినట్టే మౌనంగా చేసి చూపించారు. మంచం ఎత్తు సరిచూసుకోవడం, దుప్పటి కప్పడం, అనుమతి కోసం రోగి కళ్ళలోకి చూడడం కూడా అందులో భాగాలే. రెండవసారి అదే పనిని విడివిడిగా, ప్రతి అడుగుకూ కారణం చెబుతూ చేశారు. మూడవసారి చేతులు ఆవిడవి, మాటలు మావి. మేము ఏ అడుగు మరిచిపోయినా ఆవిడ చేతులు అక్కడే ఆగిపోయేవి. నాలుగవసారి గానీ భుజం మా చేతికి రాలేదు. దీనిని 1998లో పేటన్ అనే సర్జన్ నాలుగు మెట్ల పద్ధతిగా వివరించాడని, నేను కూడా పాఠం చెప్పవలసి వచ్చిన తరువాతనే తెలుసుకున్నాను. మాకు మాత్రం అది మేడమ్ పద్ధతి.

కీలును కదిలించడానికి మెయిట్‌లాండ్ అనే ఫిజియోథెరపిస్టు నిర్దేశించిన గ్రేడ్లను థియరీ కోసం మేము అప్పటికే కంఠతా పట్టి ఉన్నాము. మొదటి గ్రేడు కదలిక ఆరంభంలోనే చేసే చిన్న ఊపు. రెండవది అడ్డు తగలనంత మేర చేసే పెద్ద ఊపు. మూడవది కదలిక చివరి హద్దు దాకా పోయే పెద్ద ఊపు. నాలుగవది ఆ హద్దు దగ్గరనే చేసే చిన్న ఊపు. ఈ నిర్వచనాలు తెలిసినంత మాత్రాన చేతికి ఏమీ తెలియదని మేడమ్ ఇంటి నుంచి తెచ్చిన తూకపు యంత్రం మాకు చూపించింది. మనుషులు ఎక్కి నిలబడి బరువు చూసుకునే ఆ మామూలు యంత్రాన్ని బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకొని అరచేతితో ఐదు కిలోల బలం పెట్టమనేవారు. పక్కనున్నవారు ముల్లు చూసి అంకె చెప్పాలి. ఒకరి ఐదు కిలోలు మూడు దగ్గర ఆగిపోయాయి. నావి పదకొండు దాటాయి. నాకు బలం ఎక్కువ ఉందని ఆ రోజు లోలోపల సంతోషించాను కూడా. కొన్ని వారాల పాటు ప్రతి ప్రాక్టికల్‌కు ముందు పది నిమిషాలు అదే సాధన చేయగా, అందరమూ నాలుగు, ఆరు కిలోల మధ్యకు వచ్చాము. ఒక తలవెంట్రుకను కాగితం కింద పెట్టి వేలికొనతో వెతకడం, దొరికినకొద్దీ మీద ఇంకో కాగితం వేసుకుంటూ పోవడం, ఇదీ ఆవిడ నేర్పిన సాధనే.

ఆవిడ మరొక నియమం కూడా పెట్టారు. ప్రతి టెక్నిక్‌కూ రోగికి ఇవ్వవలసిన సూచనను ఒడియాలోనూ తెలుగులోనూ చెప్పగలగాలి. గంజాం పల్లెల నుంచి వచ్చేవారితో ఒడియాలో, ఇచ్ఛాపురం నుంచి బస్సెక్కి వచ్చేవారితో తెలుగులో మాట్లాడే ఊరిలో, ఇంగ్లీషులో నేర్చిన సూచన రోగి దాకా చేరదు. ‘కష్ట హెఉఛి కి?’ అని అడగడం, అంటే ‘నొప్పిగా ఉందా?’ అని అడగడం, చేయి ఆనించడం కంటే ముందే మాకు అలవాటు కావాలన్నది ఆవిడ పట్టుదల.

అయినా నేను ఒకసారి అడగలేదు. మూడవ సంవత్సరంలో ఓపీకి పాత బరంపురం నుంచి ఒక పట్టు నేతకారుడు వచ్చాడు. ఆయనకు షుగరు ఉంది. షుగరు ఉన్నవారికి భుజం బిగుసుకుపోవడం ఇతరులకంటే ఎక్కువ. కుడిచేయి పక్కకు తిరగకపోవడంతో మగ్గంలో నాడె విసరలేకపోతున్నానని, ముహూర్తాలు దగ్గర పడుతున్నాయని ఆయన చెప్పాడు. నేను కీలు ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో చూపే గోనియోమీటర్‌తో కొలిచి, ఆ వారంలోనే ఎన్నో డిగ్రీలు పెంచి చూపించాలన్న ఉత్సాహంతో, ఇంకా నొప్పి తీవ్రంగా ఉన్న ఆ భుజానికి మొదటి రోజే నాలుగవ గ్రేడు చేశాను. ఆయన కిక్కురుమనలేదు. చదువుకునే బిడ్డ మనసు నొచ్చుకుంటుందేమోనని ఊరుకున్నాడని తరువాత తెలిసింది. గదికి అవతలి చివర ఉన్న మేడమ్ మాత్రం, దుప్పటి కింది నుంచి బయటికి కనిపిస్తున్న ఆయన కాలివేళ్ళు ముడుచుకుపోవడం చూశారు. దగ్గరికి వచ్చి, నన్ను ఒక్క మాట కూడా అనకుండా, నా చేతుల స్థానంలో తన చేతులు పెట్టి, మొదటి గ్రేడు ఊపులతో నెమ్మదిగా ఆ భుజాన్ని సేద తీర్చారు. మరునాడు ఆయన రాలేదు. ఆ రాత్రంతా నొప్పితో నిద్రపోలేదని మూడవ రోజు వచ్చినప్పుడు చెప్పాడు.

ఆ సాయంత్రం ప్రాక్టికల్ గదిలో మేడమ్ నన్ను మంచం మీద పడుకోమని, నా అనుమతి అడిగి, నా ఆరోగ్యమైన భుజాన్ని చివరి హద్దు దాకా తీసుకుపోయి అక్కడ ఆపారు. అరనిమిషం కాకముందే నా కాలివేళ్ళు ముడుచుకున్నాయి. “నువ్వు గోనియోమీటర్‌ను చూశావు, ఆయన పాదాలను చూడలేదు” అన్నారు. అంతకుమించి ఆ విషయం ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. నేతకారుడి భుజం నెమ్మదిగానే, చాలా నెలలకు గానీ వదలలేదు. ఆ ముహూర్తాల పని ఆయనకు దక్కలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ఇప్పుడు నేను రెండవ సంవత్సరం వారికి అదే పాఠం చెబుతున్నాను. మారవలసినవి మారాయి. ఉదాహరణకు, గుండ్రటి ఎముక తల జారే దిశకు సంబంధించిన పాత సూత్రం ప్రకారం, భుజం బయటివైపుకు తిరగాలంటే ముందువైపు గ్లైడ్ చేయాలని మేము రాసేవాళ్ళము. అయితే బిగిసిన భుజాల మీద 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో వెనుకవైపు గ్లైడ్ చేసినవారికే ఆ కదలిక ఎక్కువగా పెరిగింది. కాబట్టి సూత్రాన్ని చెబుతాను, దాని హద్దునూ చెబుతాను. కానీ ప్రాక్టికల్ గంటలను యంత్రాల వైపు జరిపే ధోరణిని నేను ఒప్పుకోలేను. నొప్పికి సన్నని కరెంటు పెట్టే ఐఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్ యంత్రాల మీటలు నొక్కడం కొద్ది రోజుల్లో వస్తుంది. ఐదు కిలోల బలం ఎంతో చేతికి తెలియడానికి వారాల సాధన కావాలి. మొదటి ప్రాక్టికల్‌లో నేనూ మాట్లాడకుండానే చేసి చూపిస్తాను. విద్యార్థులను జంటలుగా విడదీసి, ఒకరు చేస్తుంటే మరొకరు పడుకున్నవారి ముఖాన్నీ కాలివేళ్ళనూ మాత్రమే గమనించి రాయాలని చెబుతాను.

మేడమ్ తెచ్చిన ఆ పాత తూకపు యంత్రం ముల్లు ఇప్పుడు సున్నా దగ్గర నిలవడం లేదని, నలభై మందికి అదొక్కటే ఉందని మొన్న గదికి వెళ్ళినప్పుడు చూశాను. ప్రతి మంచానికీ ఒకటి చొప్పున కొత్త యంత్రాలు మా బ్యాచ్ తరఫున పూర్వ విద్యార్థుల సమ్మేళనం నాటికి తెస్తున్నాము.